వలసవ్యక్తికి న్యాయసహాయం: సత్యవేడు సరిహద్దు నేపథ్యంలో స్వచ్ఛందసంస్థల పాత్ర

వ్యాససంగ్రహం

సొంత ఊరు, రాష్ట్రం, దేశం విడిచి వచ్చిన మనిషికి చట్టం కొన్ని రక్షణలు కల్పించింది. అవి అతనికి అందాలంటే భాష, పత్రం, తోడు అనే మూడు మెట్లు దాటాలి. ఈ మూడుచోట్లా ఆసరాగా నిలిచేవి లాభాపేక్షలేని స్వచ్ఛందసంస్థలు. తిరుపతి జిల్లాలోని సత్యవేడు సరిహద్దు ప్రాంతాన్ని ఆధారంగా చేసుకుని వలసవ్యక్తులకు న్యాయసహాయం అందే మార్గాలను, అందులో స్వచ్ఛందసంస్థల స్థానాన్ని, వాటికి విద్యావంతులు అందించదగిన తోడ్పాటును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. న్యాయసహాయం మొదట భాషాసహాయమని, అందువల్ల భాషాశాఖల అధ్యాపకులకూ పరిశోధకులకూ ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వలస, కాందిశీకులు, న్యాయసహాయం, స్వచ్ఛందసంస్థ, సత్యవేడు, శ్రీసిటీ, గుమ్మిడిపూండి, అనువాదం.

1. ఉపోద్ఘాతం

వలసను గురించి తెలుగులో విస్తారమైన సాహిత్యం వచ్చింది. పాలమూరు వలసలు, రాయలసీమ కరవు వలసలు, గల్ఫ్ జీవితాలు మన కథల్లో, నవలల్లో చోటు చేసుకున్నాయి. వాటిపై సిద్ధాంతగ్రంథాలూ వెలువడ్డాయి. అయితే ఆ పాత్రలకు న్యాయం ఎక్కడ దొరుకుతుంది, దాని కోసం ఎవరిని అడగాలి అనే విషయాలపై మన చర్చ తక్కువ. వలసజీవి వేదనను సహృదయంతో చదివిన పాఠకుడు, అటువంటి మనిషి ఒక కాగితం పట్టుకొని తన ఎదుట నిలిస్తే ఏమి చేయాలో తెలియక తడబడతాడు. ఆ లోటును కొంతవరకైనా పూరించే ప్రయత్నమిది. ఇందులో వివరణాత్మక పద్ధతిని అనుసరించాను. చట్టాలలోని పదాలను భాషాధ్యాపకుని దృష్టితో పరిశీలించాను.

2. 'వలస': పదపరిశీలన

దేశంలోకి వచ్చేవారిని, దేశం నుంచి వెళ్లేవారిని, ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పోయేవారిని ఆంగ్లం వేర్వేరు పదాలతో సూచిస్తుంది. తెలుగులో ఈ ముగ్గురికీ వలస అనే మాటే చెల్లుతుంది. సి.పి. బ్రౌన్ నిఘంటువు ఈ పదానికి శత్రుసైన్యభయంతో ఇల్లు విడిచి పోవడం అనే అర్థాన్ని ఇచ్చింది. అంటే ఈ మాటలో మొదటినుంచీ భయం ఉంది, బలవంతం ఉంది. బతుకుతెరువు కోసం పోవడమనే అర్థం తరువాత బలపడింది. అలా వచ్చినవారు స్థిరపడితే ఊరి పేరే 'వలస' అవుతుంది. ఉత్తరాంధ్రలోని కొత్తవలస వంటి గ్రామనామాలు ఇందుకు నిదర్శనాలు.

రెండవ మాట కాందిశీకుడు. సంస్కృతంలో 'కాం దిశం', అంటే 'ఏ దిక్కుకు?' అనే ప్రశ్న నుంచి ఈ పదం పుట్టింది. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. 1942లో జపాను దాడివల్ల బర్మా విడిచి వచ్చిన తెలుగువారిని, 1960వ దశకంలో అక్కడి సైనిక ప్రభుత్వ విధానాలవల్ల తిరిగివచ్చినవారిని మన పత్రికలు ఈ పదంతోనే పేర్కొన్నాయి. తెలుగువారు ఒకప్పుడు కాందిశీకులే. ఈ చారిత్రకస్మృతి ప్రస్తుతచర్చకు పునాది.

చట్టం ఈ సమానత్వాన్ని అంగీకరించదు. విదేశీయుడు, శరణార్థి, అంతరరాష్ట్ర వలసకార్మికుడు, విదేశాలకు వెళ్లిన భారతీయ కార్మికుడు చట్టం దృష్టిలో వేర్వేరు వర్గాలు. వారికి వర్తించే శాసనాలు వేరు, ఆశ్రయించవలసిన కార్యాలయాలు వేరు. తాను ఏ వర్గానికి చెందుతాడో తెలుసుకోవడమే వలసవ్యక్తికి ఎదురయ్యే మొదటి చిక్కు.

3. సత్యవేడు: సరిహద్దు నేపథ్యం

మనిషి కదలకుండానే సరిహద్దు కదలవచ్చని సత్యవేడు చరిత్ర తెలుపుతుంది. పటాస్కర్ మధ్యవర్తిత్వం ఫలితంగా వచ్చిన ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం (1959) 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. దానితో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న ఇది తిరుపతి జిల్లాలో భాగమైంది. ఇల్లు మారలేదు, పొలం మారలేదు. దస్తావేజు భాష, కచేరీ, రాష్ట్రం మారాయి. తెలుగు, తమిళం రెండూ ఇంటిభాషలుగా ఉన్న ఈ ప్రాంతంవారికి అధికారభాష మారితే సామాన్యుడు పడే ఇబ్బంది అనుభవంలో ఉన్నదే.

నేడు ఈ ప్రాంతంలో మూడు రకాల వలసలు కలుస్తున్నాయి.

మొదటిది: సరిహద్దు దాటగానే తిరువళ్లూరు జిల్లా గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. తమిళనాడులోని పెద్ద శిబిరాల్లో అదొకటి.

రెండవది: సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పరిధిలో 2008లో ప్రారంభమైన శ్రీసిటీ పారిశ్రామికవాడకు ఇతర రాష్ట్రాల నుంచి కార్మికులు వస్తున్నారు.

మూడవది: దక్షిణ రాయలసీమ నుంచి, ముఖ్యంగా రాజంపేట, రైల్వేకోడూరు పరిసరాల నుంచి స్త్రీలు ఇంటిపనులకోసం, పురుషులు డ్రైవర్లుగా, కూలీలుగా కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు.

వచ్చేవారు, పోయేవారు, మధ్యలో నిలిచిపోయినవారు ఒకే ప్రాంతంలో కనిపించడంవల్ల సత్యవేడు ఈ పరిశీలనకు అనువైన క్షేత్రం.

4. 'పౌరుడు', 'వ్యక్తి': చట్టపాఠంలో భేదం

భారత రాజ్యాంగంలో హక్కులను తెలిపే అధికరణలు అన్నీ ఒకే పదాన్ని వాడలేదు. భావప్రకటన, సంచార స్వేచ్ఛలను తెలిపే 19వ అధికరణ 'పౌరుల'ను పేర్కొంటుంది. చట్టం ముందు సమానత్వాన్ని తెలిపే 14వ అధికరణ, ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణ 'వ్యక్తి'ని పేర్కొంటాయి. కాబట్టి పౌరుడు కానివాడికి 19వ అధికరణ వర్తించకపోయినా, 14, 21 అధికరణలు వర్తిస్తాయి. అరుణాచల్‌ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల విషయంలో జాతీయ మానవహక్కుల సంఘం వేసిన కేసులో సర్వోన్నత న్యాయస్థానం 1996లో ఈ సూత్రాన్నే స్పష్టం చేసింది. పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడవలసిన బాధ్యత రాజ్యానిదని చెప్పింది.

ఉచిత న్యాయసహాయాన్ని తెలిపే 39-ఎ అధికరణ 1976 నాటి 42వ సవరణద్వారా రాజ్యాంగంలో చేరింది. పేదరికంవల్లగానీ మరే అశక్తతవల్లగానీ ఏ 'పౌరుడి'కీ న్యాయం పొందే అవకాశం నిరాకరింపబడకూడదని దాని సారాంశం. ఇక్కడ పదం 'పౌరుడు'. దీని ఆధారంగా వచ్చిన న్యాయసేవాధికార సంస్థల చట్టం (1987) 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. ఆ చట్టం పీఠికలో కూడా 'పౌరుడు' అనే పదమే ఉంది. కాని అర్హతలను తెలిపే 12వ సెక్షన్ దగ్గరకు వచ్చేసరికి పదం మారింది. కేసు వేయవలసిన లేదా ఎదుర్కోవలసిన 'ప్రతి వ్యక్తి' అని ఆ సెక్షన్ మొదలవుతుంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, స్త్రీలు, బాలలు, వికలాంగులు, మనుషుల అక్రమరవాణాకు లేదా వెట్టికి గురైనవారు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, నిర్ణీత ఆదాయపరిమితికి లోబడినవారు ఈ జాబితాలో ఉన్నారు. తమ తప్పిదం లేకుండా కష్టాలపాలైనవారిలో భూకంప, వరద బాధితులతోపాటు జాతిహింసకు గురైనవారిని కూడా ఈ సెక్షన్ పేర్కొంది. 1983 నాటి జాతిహింసవల్ల శ్రీలంక విడిచి వచ్చిన కుటుంబాలు ఈ వర్గంలోకి వస్తాయని చదవడం సహజమైన అన్వయం.

'పౌరుడు' నుంచి 'వ్యక్తి'కి జరిగిన ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. కాని ఒక వలసవ్యక్తికి న్యాయసహాయ కార్యాలయం తలుపు తెరుచుకోవడం ఈ ఒక్క పదంపై ఆధారపడి ఉంది.

అడగనివాడికి హక్కు లేదా అనే ప్రశ్నకు సర్వోన్నత న్యాయస్థానం సుక్‌దాస్ కేసులో (1986) సమాధానం ఇచ్చింది. నిందితుడు అడగలేదనే కారణంతో ఉచిత న్యాయసహాయాన్ని నిరాకరించరాదని, తన హక్కు తనకు తెలియని పేదవాడు ఎలా అడగగలడని దాని భావం. ఇది నిందితుల విషయంలో చెప్పిన మాట. ఇతర వ్యవహారాల్లో అడగవలసినవాడే అడగాలి. అందుకు ఎవరో ఒకరు అతనికి తెలియజేయాలి. ఈ పనిలో స్వచ్ఛందసంస్థల అవసరాన్ని చట్టమే గుర్తించింది. గ్రామీణ, పట్టణ కార్మికుల మధ్య, షెడ్యూల్డు కులాలు, తెగల మధ్య, స్త్రీల మధ్య క్షేత్రస్థాయిలో పనిచేసే స్వచ్ఛందసంస్థల మద్దతును కూడగట్టడానికి ప్రత్యేకంగా కృషి చేయాలని 4వ సెక్షన్ జాతీయ న్యాయసేవాధికార సంస్థకు విధిగా నిర్దేశించింది. కాబట్టి ఇటువంటి సంస్థకు తోడ్పడడం ప్రభుత్వవ్యతిరేక కార్యమూ కాదు, కేవలం దయాధర్మమూ కాదు. చట్టం ఆశించిన పనిలో పాలుపంచుకోవడమే.

5. స్వచ్ఛందసంస్థ చేసే పని

5.1 పుట్టినతేదీ విలువ

1983 జూలై అల్లర్ల తరువాత భారతదేశానికి వచ్చిన శ్రీలంక తమిళులకోసం 1984లో చెన్నైలో 'ఆఫెర్' (ఈళం శరణార్థుల పునరావాససంస్థ) ఏర్పడింది. దీని స్థాపకులు ఎస్.సి. చంద్రహాసన్ స్వయంగా న్యాయవాది, శరణార్థి. విద్య, ఆరోగ్యం వంటి సేవలతోపాటు శిబిరాల్లో పుట్టిన పిల్లలకు జననధ్రువపత్రాలు, శ్రీలంక పౌరసత్వ పత్రాలు సంపాదించడంలో ఈ సంస్థ తోడ్పడుతూ వచ్చింది. ఇది న్యాయస్థానంలో వాదించడంకంటే చిన్నపనిగా కనిపించవచ్చు. దాని విలువ తెలియాలంటే మన పౌరసత్వచట్టాన్ని చూడాలి.

1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందువరకు భారతదేశంలో పుట్టినవారు జన్మతః పౌరులు. ఆ తరువాత పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులై ఉండాలనే నిబంధన వచ్చింది. 2004 డిసెంబరు 3 నుంచి రెండవవారు అక్రమ వలసదారు కాకూడదనే షరతు కూడా చేరింది. 1986లో మండపం శిబిరంలో పుట్టిన ఒక మహిళకు భారత పాస్‌పోర్టు ఇవ్వాలని మద్రాసు ఉన్నత న్యాయస్థానం మదురై ధర్మాసనం 2022లో ఆదేశించింది. అదే శిబిరంలో రెండేళ్లు ఆలస్యంగా పుట్టిన చెల్లెలు ఉంటే, ఆమెకు ఈ మార్గం ఉండదు. జననధ్రువపత్రంలోని ఒక తేదీ అక్కను పౌరురాలిగా, చెల్లెలిని విదేశీయురాలిగా చేస్తుంది. ఆ కాగితాన్ని సకాలంలో సంపాదించిపెట్టిన సంస్థ చేసిన మేలు ఇక్కడ అర్థమవుతుంది.

2021లో తమిళనాడు లెక్కల ప్రకారం సుమారు 58 వేలమంది శిబిరాల్లో, సుమారు 34 వేలమంది శిబిరాల వెలుపల ఉన్నారు. ఆ ఏడాది ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం వారికి 317.40 కోట్ల రూపాయల సంక్షేమప్రణాళికను, 7,469 ఇళ్ల నిర్మాణాన్ని ప్రకటించింది. శరణార్థి శిబిరాలను పునరావాస శిబిరాలుగా వ్యవహరించాలని నిర్ణయించింది. పేరుమార్పు గౌరవాన్ని ఇచ్చింది. అయితే చట్టపరమైన హోదా కేంద్రప్రభుత్వ పరిధిలోనిది. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో వచ్చిన వలసలు, విదేశీయుల చట్టం (2025) ఆ ఏడాది సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. 2015 జనవరి 9 వరకు ఆశ్రయం పొంది నమోదైన శ్రీలంక తమిళులకు, సరైన ప్రయాణపత్రాలు లేవనే కారణంపై విధించే శిక్షల నుంచి అప్పుడు వెలువడిన ఉత్తర్వు మినహాయింపునిచ్చింది. ఇక్కడ కూడా కీలకం 'నమోదు' అనే మాటే. నమోదు కాగితం లేనివాడికి ఈ మినహాయింపును రుజువు చేసుకోవడం కష్టం.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. వచ్చినవారందరికీ ఆశ్రయం ఇవ్వడం దేశానికి సాధ్యమా? శ్రీలంక తమిళునికి సంబంధించిన ఒక కేసు విచారణలో 2025 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానం కూడా ఇటువంటి సందేహాన్నే వ్యక్తపరిచింది. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. అయితే న్యాయసహాయం అంటే ఉండే హక్కును ఇవ్వడం కాదు, తన మాట చెప్పుకునే అవకాశాన్ని ఇవ్వడం. నిర్ణయం ఎటు వచ్చినా అది విన్న తరువాత రావాలి. అనుకూలమైన నిర్ణయం ఎలాగైనా తేవడం సంస్థ పని కాదు. వినకుండా నిర్ణయం జరగకుండా చూడడమే దాని పని.

5.2 రాష్ట్రం దాటి వచ్చిన కార్మికుడు

ఒడిశాలో 'దాదన్' అనే పేరుతో సాగిన కూలీల రవాణాపద్ధతి అంతరరాష్ట్ర వలసకార్మికుల చట్టానికి (1979) ప్రధానప్రేరణ. అయిదుగురు లేదా అంతకుమించి ఇటువంటి కార్మికులున్న సంస్థలకు, అందులోనూ కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారికి అది వర్తించేది. ఫొటోతో కూడిన పాసుపుస్తకం, స్థానికులతో సమానమైన వేతనం, స్థానభ్రంశ భత్యం, ప్రయాణ భత్యం అందులోని ముఖ్యాంశాలు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నాలుగు కార్మికస్మృతుల్లో ఒకటి దీని స్థానాన్ని ఆక్రమించింది. స్వయంగా వచ్చిన కార్మికుణ్ణి కూడా కొత్త నిర్వచనం చేర్చుకుంది. ఇది మేలు. కాని సంస్థలో కార్మికుల కనీససంఖ్య పదికి పెరిగింది, స్థానభ్రంశ భత్యం తొలగిపోయింది. ఏది పోయిందో, ఏది మిగిలిందో ఇంటికి వేలమైళ్ల దూరంలో పనిచేసే యువకుడు తనంతట తాను తెలుసుకోలేడు.

ఇటువంటి కార్మికుడు సత్యవేడు న్యాయస్థానంలోని మండల న్యాయసేవాధికార సంఘానికి వచ్చాడనుకుందాం. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2010 నాటి నిబంధనల ప్రకారం దరఖాస్తు స్థానికభాషలోగానీ ఆంగ్లంలోగానీ ఉండవచ్చు. చదువురానివారు నోటితో చెప్పినా నమోదు చేసుకోవాలి. ఎంతో ఉదారమైన నిబంధన ఇది. అయితే ఒడియా మాట్లాడే కార్మికుడికి ఇక్కడి 'స్థానికభాష' తెలుగు. అది అతనికి స్థానికమూ కాదు, భాషగా తెలియదు కూడా. అతని నోటిమాటను అర్థం చేసుకునేవారు లేనప్పుడు నమోదు చేసేదెవరు? 15100 అనే ఉచిత సహాయసంఖ్యకు ఫోను చేసినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఈ ఖాళీలో నిలిచేది దుబాసీ తెలిసిన స్వచ్ఛందసంస్థ.

తోడు లేకపోతే ఏమవుతుందో సత్యవేడు పోలీసుల విచారణకు వచ్చిన ఒక విషాదం తెలిపింది. బాకీకింద బాతులు మేపేవారి దగ్గర ఉంచవలసివచ్చిన తొమ్మిదేళ్ల యానాది బాలుడు మరణించాడని, అతని మృతదేహాన్ని రాష్ట్రం దాటించి కాంచీపురం ప్రాంతంలో పూడ్చిపెట్టారని 2025 మే నెలలో పత్రికలు వెల్లడించాయి. అతని తల్లిదండ్రులు గిరిజన సంఘనాయకుల సహాయంతోనే పోలీసులను ఆశ్రయించగలిగారు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. చట్టానికీ ఆ తల్లికీ మధ్య ఉన్న దాదాపు యాభై ఏళ్ల దూరాన్ని కలిపింది పక్కన నడిచిన ఆ నాయకులే. వారు ముందే అందుబాటులో ఉంటే అనే ఆలోచన ఎవరినీ నిలువనీయదు.

5.3 దేశం దాటి వెళ్లిన తెలుగువారు

ఇదే సమస్య తిరగబడి మనవారికీ ఎదురవుతుంది. గల్ఫ్‌లో కార్మికుని ఒప్పందపత్రం అరబిక్‌లో ఉంటుంది. సంతకం చేసింది ఏమిటో చిక్కులో పడ్డాకగానీ తెలియదు. వారికోసం కొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. వలస అనుమతితో వెళ్లే కార్మికులకు తప్పనిసరి అయిన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షల రూపాయల ప్రమాదబీమాతోపాటు 45 వేల రూపాయలవరకు న్యాయఖర్చుల సదుపాయం ఉంది. రాయబార కార్యాలయాల్లో 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమనిధి నుంచి కూడా న్యాయసహాయం కోరవచ్చు. ఇంటిపనివారికి కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. ఢిల్లీ కేంద్రంగా పనిచేసే ప్రవాసీ లీగల్ సెల్ వంటి స్వచ్ఛందసంస్థలు ప్రవాసుల సమస్యలను న్యాయస్థానాలకు చేరుస్తున్నాయి. కోవిడ్ కాలంలో రద్దయిన విమాన టికెట్ల డబ్బు తిరిగి ఇప్పించడానికి ఈ సంస్థ వేసిన కేసులో 2020 అక్టోబరు 1న సర్వోన్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఇన్ని ఉన్నా, అనుమతి లేకుండా సందర్శకవీసాపై వెళ్లిన స్త్రీకి బీమా ఉండదు. బీమా ఉన్నా అందులో న్యాయఖర్చులు కూడా ఉన్నాయని కుటుంబాలకు చెప్పేవారు అరుదు.

అమెరికాలో పరిస్థితి మరొక విధం. నేరవిచారణలో పేదవాడికి ప్రభుత్వమే న్యాయవాదిని నియమించాలని 1963 నాటి గిడియన్ తీర్పు చెప్పింది. కాని దేశం నుంచి పంపివేసే వ్యవహారాలు అక్కడ నేరవిచారణలు కావు. న్యాయవాదిని పెట్టుకునే హక్కు ఉంది, ఖర్చు మాత్రం ప్రభుత్వానిది కాదు. అందువల్ల అక్కడ వలసవచ్చినవారికి ఉచిత న్యాయసహాయమంటే ప్రధానంగా స్వచ్ఛందసంస్థలే. గుర్తింపు పొందిన సంస్థల్లో న్యాయవాది కాని శిక్షితుడు కూడా ప్రభుత్వ అనుమతితో వలసన్యాయస్థానంలో ప్రాతినిధ్యం వహించే వెసులుబాటు ఉంది. 2019 జనవరిలో అక్కడి అధికారులే నడిపిన ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయం వ్యవహారంలో 129 మంది భారతీయ విద్యార్థులు నిర్బంధానికి గురయ్యారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. అప్పుడు న్యాయవాదులను సమకూర్చడానికి అక్కడి తెలుగుసంఘాలు ముందుకు వచ్చాయి. మన పిల్లలకు డెట్రాయిట్‌లో ఒక తోడు కావాలని కోరుకున్నవారు, గుమ్మిడిపూండిలో, సత్యవేడులో ఉన్నవారికి ఆ తోడు అక్కరలేదని అనలేరు.

6. న్యాయసహాయం మొదట భాషాసహాయం

వినతిపత్రం రాసేటప్పుడు జరిగే చిన్న భాషాదోషం కేసు ఫలితాన్నే మార్చగలదు. తెలుగు వ్యాకరణం తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది.

'పని మానేశాడు', 'పని మానిపించారు' అనే వాక్యాల మధ్య ఉన్న భేదం ఒక ప్రేరణార్థక ప్రత్యయం. చట్టంలో మొదటిది కార్మికుడు స్వయంగా వదిలివెళ్లడం, రెండవది తొలగింపు. రెండవదానికే పరిహారం అడిగే వీలుంటుంది. 'ఊరికి వెళ్లలేదు', 'ఊరికి వెళ్లనివ్వలేదు' అనే వాక్యాల్లో రెండవది నిర్బంధాన్ని తెలుపుతుంది. వెట్టిచాకిరి రుజువుకు ఆ ఒక్క మాట ఆధారమవుతుంది. 'చేయి తెగింది' అనే అకర్మకవాక్యంలో కారణం లేదు, సందర్భం లేదు. 'పనిచేస్తుండగా యంత్రంలో చిక్కి చేయి తెగింది' అని రాస్తేనే ప్రమాదం ఉద్యోగక్రమంలో జరిగిందని తెలుస్తుంది. 'అడ్వాన్సు తీసుకున్నాను' అని కార్మికుడు చెప్పినదాన్ని 'అప్పు చేశాడు' అని రాస్తే, పనికి కట్టిపడేసిన సొమ్ము మామూలు చేబదులుగా మారిపోతుంది.

లేనిది చేర్చడం ఎంత తప్పో, చెప్పినదాన్ని పలుచన చేయడం అంత తప్పు. కాబట్టి దుబాసీకి రెండు భాషలు తెలిస్తే చాలదు. వాక్యంలో కర్త ఎవరు, ప్రేరకుడు ఎవరు అనేది గుర్తించగలగాలి. ఇది భాషాశాఖలు తరగతిగదిలో నేర్పే విద్యే.

7. తోడ్పాటు: కొన్ని మార్గాలు

7.1 భాషాసేవ: వినతిపత్రాల రచన, పత్రాల అనువాదం, వాంగ్మూల సమయంలో దుబాసీగా ఉండడం భాషావిద్యార్థులు చేయగలిగినవి. రాసినదాన్ని చెప్పినవారికి వారి భాషలో తిరిగి వినిపించి, ఒప్పుకున్నాకే సంతకం తీసుకోవాలి. విన్న విషయాలు బయట చెప్పరాదు. న్యాయస్థానంలో వాదించే అధికారం 1961 నాటి చట్టం ప్రకారం న్యాయవాదులదే కనుక, న్యాయసలహా ఇవ్వడానికి సాహసించకూడదు.

7.2 పారాలీగల్ వాలంటీర్లు: జిల్లా న్యాయసేవాధికార సంస్థలు శిక్షణ ఇచ్చి నియమించే ఈ సేవకుల్లో ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ చోటు ఉంది. సరిహద్దు ప్రాంతంలో తెలుగు, తమిళం తెలిసినవారు, హిందీ, ఒడియా నేర్చినవారు ఈ పనికి ఎంతో అవసరం.

7.3 పరిశోధన: ఆసియా క్రీడల నిర్మాణపనుల్లో కార్మికచట్టాల ఉల్లంఘనపై 1982లో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు సుప్రసిద్ధం. కనీసవేతనం ఇవ్వకపోవడం 23వ అధికరణ నిషేధించిన నిర్బంధశ్రమ అవుతుందని అది తేల్చింది. ఆ కేసు ప్రజాస్వామ్య హక్కుల సంఘం రాసిన ఒక లేఖతో మొదలైంది. ఆ లేఖకు ఆధారం ముగ్గురు సామాజికశాస్త్రవేత్తలు క్షేత్రంలో తిరిగి తయారుచేసిన నివేదిక. పరిశోధకుని నోటుపుస్తకం న్యాయస్థానంలో సాక్ష్యం కాగలదనడానికి ఇంతకుమించిన ఉదాహరణ అక్కరలేదు. వలసపై క్షేత్రపర్యటన చేసే పరిశోధకులు వివరాలు సేకరించి వెనుదిరగడంతో సరిపెట్టక, సమాచారమిచ్చినవారు కోరితే వారిని న్యాయసేవాసంఘంతో కలపడం కనీసధర్మం. వారి పేర్లు, ఫొటోలు ప్రకటించకపోవడం అంతకన్నా ముఖ్యం.

7.4 ఆర్థికసహాయం: 2020లో విదేశీవిరాళాల చట్టానికి జరిగిన సవరణ, అందిన సొమ్మును ఒక సంస్థ మరొకదానికి బదిలీ చేయడాన్ని నిషేధించింది. పరిపాలనావ్యయాన్ని 50 నుంచి 20 శాతానికి తగ్గించింది. పెద్దసంస్థల ద్వారా నిధులు పొందే చిన్నసంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. న్యాయసహాయంలో ఖర్చంతా మనుషులపైనే, అంటే న్యాయవాది, దుబాసీ, ప్రయాణాలపైనే ఉంటుంది. కేసు ఏళ్లతరబడి సాగుతుంది. అందువల్ల ఒకసారి ఇచ్చే పెద్దమొత్తంకంటే నెలనెలా ఇచ్చే చిన్నమొత్తం ఎక్కువ ఉపయోగకరం. ఇచ్చేముందు సంస్థ నమోదును, ఆడిట్ నివేదికను చూడాలి. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో వివరాలు పరిశీలించవచ్చు. 80-జి గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చిన విరాళంపై పన్ను మినహాయింపు పాతపన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. 2,000 రూపాయలు మించిన నగదుకు వర్తించదు.

8. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు:

1. న్యాయసహాయ చట్టం పీఠికలోని 'పౌరుడు' 12వ సెక్షన్‌లో 'వ్యక్తి'గా మారడంవల్ల వలసవచ్చినవారికి, పౌరులు కానివారికి సైతం న్యాయసహాయం పొందే మార్గం ఏర్పడింది.

2. స్వచ్ఛందసంస్థల మద్దతు కూడగట్టడం చట్టం నిర్దేశించిన విధి. అందువల్ల వాటికి తోడ్పడడం చట్టాన్ని అమలుపరచడంలో భాగం.

3. జననధ్రువపత్రం, నమోదు కాగితం, ఒప్పందపత్రం వంటివాటిని సకాలంలో సమకూర్చడం న్యాయస్థానంలో వాదనతో సమానమైన న్యాయసేవ.

4. 'స్థానికభాష'లో దరఖాస్తు అనే సదుపాయం స్థానికేతరునికి అడ్డంకిగా మారుతుంది. న్యాయసేవాసంఘాలకు అనుబంధంగా దుబాసీల జాబితాలు ఉండాలి. సరిహద్దు మండలాల్లోని కళాశాలలు ఈ బాధ్యతను స్వీకరించవచ్చు.

కాందిశీకుడు అనే మాటలోనే 'ఏ దిక్కుకు?' అనే ప్రశ్న ఉంది. దానికి సమాధానం చెప్పవలసింది చట్టమే. అయితే ఆ సమాధానాన్ని అతనికి అర్థమయ్యే భాషలో వినిపించే మనిషి అతని పక్కన ఉండాలి. భాష చదువుకున్నవారు ఆ స్థానంలో నిలబడడానికి మొదటి అర్హులు.